అరచేత్తో విన్న మోర్స్

ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. సెలవుల్లో ఊరూరా తిరిగి, బాబాల చేతుల్లోంచి విభూతి ఎలా రాలుతుందో, నిప్పుల మీద నడిచినవాళ్ల కాళ్లు ఎందుకు కాలవో చేసి చూపించాను. అలాంటి నా చేతుల మీదుగానే ఖమ్మం జిల్లాలో ఒక మహిమ పుట్టి, పన్నెండు రోజులు బతికింది. దాని పుట్టుకలో నా తప్పు కొంత ఉంది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నేను కల్లూరులో పనిచేస్తున్నాను. 1987వ సంవత్సరం. ఔత్సాహిక రేడియో నాకున్న ఏకైక వ్యసనం. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే, ఇంట్లోనే చిన్న ప్రసారయంత్రం పెట్టుకుని, డాబా మీద తీగ కట్టుకుని, ప్రపంచంలో అదే పిచ్చి ఉన్న ఇతరులతో మాట్లాడవచ్చు. వ్యాపారం మాట్లాడకూడదు. రాజకీయం మాట్లాడకూడదు. మూడో మనిషి కబురు చేరవేయకూడదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి వాతావరణం, తీగ పొడవు. జపానులో ఒకాయనతో నేను ఆరేళ్లపాటు ఈ రెండు విషయాలే మాట్లాడాను. మా స్నేహంలో ఒక్క మాట పట్టింపు రాలేదు.

ఒక సాయంత్రం పిచ్చయ్య గారు మా ఇంటికి వచ్చారు. ఆయన ఎర్రుపాలెం వైపు రైతుకుటుంబంలో పుట్టి, ఖమ్మం తారాఫీసులో ముప్పయ్‌రెండేళ్లు టెలిగ్రాంలు పంపి, అందుకుని, రిటైరై, భార్య సుశీలమ్మ గారి ఊరైన కల్లూరులో స్థిరపడ్డారు. ఒక చెవి తంతి యంత్రం మీద వేసి, కుడిచేత్తో టెలిగ్రాం రాసుకుంటూ, నోటితో కిటికీ బయటి మనిషితో మిరపతోట పురుగు గురించి మాట్లాడగలిగేవారని ఆయనకు పేరు. రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు దొర్లేది కాదు.

ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి నా రేడియోలో మోర్స్ సంకేతాలు కుయ్ కుయ్‌మంటున్నాయి.

"ఏందండీ మాస్టారూ అది, పిట్టా?"

"మోర్సండీ పిచ్చయ్య గారూ. మీ విద్యే."

ఆయన చాలాసేపు తల వంచి విన్నారు.

"నా విద్య గిట్ల ఉండదు" అన్నారు చివరికి. "మా సౌండర్ల ఒక ఇత్తడి కడ్డీ ఉంటది. కింద పడ్డప్పుడు ఒక దెబ్బ, లేచినప్పుడు ఒక దెబ్బ. రెండు దెబ్బల నడుమ ఎడం ఎంతనో దాన్ని బట్టి అక్షరం పోల్చుకుంటం. దీంట్ల దెబ్బ ఏది? ఊరికే ఈల ఏస్తున్నది."

"సంకేతాలు అవేగదండీ. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది" అన్నాను.

ఈ కథలో నేను చేసిన మొదటి అశాస్త్రీయమైన ప్రకటన అదే. పిచ్చయ్య గారు నా మాట నమ్మి లైసెన్సు పరీక్షకు దరఖాస్తు పెట్టారు. మంగలి దుకాణంలోను, చౌకడిపోలోను, ఖమ్మం వెళ్లి పాత ఆఫీసులోను చెప్పి వచ్చారు. "నిమిషానికి ఐదు మాటలు రాస్తే చాలంట. నేను ఇరవై అయిదు రాసేటోణ్ణి. నిద్రపోయి రాస్త" అన్నారు.

నవంబరులో హైదరాబాదులో పరీక్ష జరిగింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. ఈల మొదలైంది. నూట పాతిక అక్షరాల్లో పిచ్చయ్య గారు పట్టుకున్నవి ముప్పయ్యొకటి. ఐదు తప్పులు దాటితే ఫెయిలు. పక్కబల్ల మీద కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడు, "బాధపడకండి తాతగారూ, మోర్స్ కొత్తవాళ్లకు కష్టమే" అని ఓదార్చాడట. నాకు చెబుతూ పిచ్చయ్య గారు 'కొత్తవాళ్లకు' అన్న మాటను రెండుసార్లు పలికారు.

ఊళ్లో మాత్రం ఫలితం ఇంకా రాలేదని చెప్పారు. మార్చిలో మళ్లీ రాసే అవకాశం ఉంది.

"అదే ఆఖరు మాస్టారూ. అదీ తప్పితే మళ్ల కూచోను" అన్నారు. "ముప్పయ్‌రెండేళ్లు తార్లు రాసినోడు మోర్సుల తప్పిండంటే జనం ఏమనుకుంటరు? గన్ని దినాలు ఏం రాసిండో, ఎవరి చావు ఎవరికి చెప్పిండో అనుకుంటరు. ఖమ్మం ఆఫీసు ముంగట్నుంచి పోలేను."

నేను శిక్షణ మొదలుపెట్టాను. ఈల స్థాయి తగ్గించాను, పెంచాను. నెమ్మదిగా వినిపించాను, వేగంగా వినిపించాను. ఆయన ఇంట్లో సాధన కోసం ఒక బజరు చేసి ఇచ్చాను. వారం తిరగకుండానే సుశీలమ్మ గారు మా ఇంటికి వచ్చారు.

"తమ్ముడూ, ఆ ఈల ఆపించు నాయనా. పాలవాడు వచ్చిండనుకొని మూడుసార్లు గిన్నె పట్టుకొని గేటు కాడికి పోయిన. మూడోసారి మా ఆయన నన్ను జూసి నవ్విండు కూడా."

"పరీక్షకండీ అక్కయ్యా."

"ఏం పరీక్ష! నా మాట ఒక్కనాడన్నా సరిగ విన్న మనిషా?"

ఫిబ్రవరి వచ్చినా మెరుగుదల లేదు. చివరికి నేను పద్ధతి మార్చాను. ఆఫీసులో పాతసామాను పారేస్తున్నప్పుడు పిచ్చయ్య గారు అడిగి తెచ్చుకున్న సౌండరు ఒకటి ఆయన దగ్గర ఉంది. రేడియోలో ఈల రాగానే ఆ సౌండరు కడ్డీ పడేటట్టు, ఈల ఆగగానే లేచేటట్టు మధ్యలో రిలే అనే చిన్న విద్యుత్ స్విచ్చి అమర్చాను. పిచ్చయ్య గారు తమ ఆఫీసు అలవాటు ప్రకారం సౌండరు వెనక ఖాళీ పొగాకు డబ్బా నిలబెట్టారు, దెబ్బ గట్టిగా మోగడానికి. టక్కు టక్కుమని మొదలైంది. ఆయన కాగితం లాక్కుని పుటలకు పుటలు రాసేశారు. ముఖంలో రక్తం తిరిగి వచ్చింది.

"ఇదిగో, ఇప్పుడు మాట్లాడుతున్నది" అన్నారు.

కాని పరీక్ష గదిలోకి సౌండరు రానివ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ నెలలోనే మోర్స్ పోటీ వచ్చింది. రెండు రోజుల్లో ఎన్ని దేశాలవాళ్లను, ఎంతమందిని పలకరించగలిగితే అంత గొప్ప. పలకరింపు అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే అక్షరాల పేరుగుర్తు ఒకరిది ఒకరు అందుకుని, అంకె ఇచ్చిపుచ్చుకుని, తరవాతివాడి దగ్గరకు పరుగెత్తడమే. కల్లూరులో పిండిమరల మోటార్ల చప్పుడు రేడియోలో గోల చేస్తుంది. అందుకని మా లాబ్ అటెండరు రెడ్యా వాళ్ల తండాకు వెళ్లాం. పర్ణశాల వెళ్లే దారిలో, అడవి అంచున ఉంది. దగ్గరలో కరెంటు తీగ లేదు, పొలంలో ఎత్తైన తాటిచెట్లు రెండున్నాయి. సంకేతాలు పంపే మీట నేను నొక్కాలి, ఎందుకంటే లైసెన్సు నాది. వినడం, రాయడం పిచ్చయ్య గారి వంతు.

రెడ్యా తీగ కొస నడుముకు కట్టుకుని తాటిచెట్టు ఎక్కాడు. వాళ్లమ్మ సక్రి కింద నిలబడి నన్ను నిలదీసింది.

"సారూ, గీ తీగ పిడుగును పిలుస్తదా?"

"పిలవదమ్మా. ఫిబ్రవరిలో పిడుగెక్కడిది?"

"పిలువదని కాయితం మీద రాసియ్యి. మా రెడ్యా సదివి చెప్తడు."

చెట్టు మీది నుంచి రెడ్యా అరిచాడు. "అమ్మా, ఊకో! సారు సైన్సు సారు."

"సైన్సు సారైతే నువ్వెందుకెక్కినవ్? ఆయన్నే ఎక్కమను."

కాగితం రాసిచ్చాను.

శనివారం పొద్దున ఐదున్నరకు పోటీ మొదలైంది. సౌండరు టక్కుటక్కులాడుతోంది, పిచ్చయ్య గారు రాస్తున్నారు, నేను మీట నొక్కుతున్నాను. గంట గడిచేసరికి ఆయన పెన్ను ఆపేశారు.

"మాస్టారూ, ఇదేం లెక్క? ఎవడు పిలిచినా మీరు 'నీ సంకేతం బ్రహ్మాండంగా వినపడుతుంది' అనే రాయమంటున్నరు. ఇందాకటి రష్యా ఆయన చచ్చీ చెడీ వినపడ్డడు. తన పేరు మూడుసార్లు చెప్పించుకున్నం. మళ్ల బ్రహ్మాండమేనా?"

"పోటీలో అది మామూలండీ. అందరూ అందరికీ అదే చెప్తారు."

"అబద్ధమని ఇద్దరికీ తెలుసా?"

"తెలుసు."

"సర్కారు నౌకరిల గిట్ల రాస్తే సస్పెండ్ చేస్తరు" అని పెన్ను మళ్లీ తీసుకున్నారు. ఆ తరవాత ప్రతి అబద్ధం పక్కన సన్నగా చుక్క పెట్టుకుంటూ వచ్చారు, ఎందుకైనా మంచిదని.

తొమ్మిదింటికి బ్యాటరీ బలహీనపడింది. రెడ్యా ట్రాక్టరు బ్యాటరీ తెచ్చాడు. పిల్లలకు ఏటా ధన, ఋణ ధ్రువాల పాఠం చెప్పే నేను దాన్ని తిరగేసి కలిపాను. ప్రసారయంత్రం బతికింది, దానికి ఫ్యూజు ఉంది. రిలేకు లేదు. సన్నగా పొగ లేచింది.

"సౌండరు చచ్చిపోయింది మాస్టారూ" అన్నారు పిచ్చయ్య గారు, ఎవరో మనిషి పోయినట్టు.

ఇక ఈలే గతి. పాత రేడియోలోంచి పీకిన స్పీకరు ఒకటి మూత లేకుండా గోనెసంచి మీద వెల్లకిలా పడివుంది. బ్యాటరీ సరిగా కలిపి, ఫ్యూజు మార్చి, ఆ స్పీకరు తగిలించాను. కుయ్‌మని మొదలైంది. పిచ్చయ్య గారికి ఒళ్లు మండింది. నోరు మూయించినట్టు ఎడమ అరచెయ్యి తీసుకెళ్లి స్పీకరు మధ్యన అదిమిపెట్టి, "రిలే బాగుచెయ్యలేమా? ఇంకొకటి లేదా?" అని నన్ను నిలదీస్తున్నారు. నేను ఆయన ముఖం చూడటంలేదు. కుడిచెయ్యి చూస్తున్నాను. అది రాస్తోంది.

"పిచ్చయ్య గారూ, ఏం రాస్తున్నారు?"

ఆయన కిందికి చూసుకున్నారు. కాగితం మీద ఒక జపాను పేరుగుర్తు, దాని కింద ఇంకొకటి. రెండూ సరిగ్గా ఉన్నాయి.

"నేను రాయలే" అన్నారు భయంగా.

చెయ్యి తీయమన్నాను. రాత ఆగిపోయింది. పెట్టమన్నాను. మొదలైంది. చెవుల్లో దూది పెట్టించాను. ఇంకా బాగా రాశారు. కారణం చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. ఈల మొదలైనప్పుడు స్పీకరు కాగితం చేతిని తాకుతుంది, ఆగినప్పుడు వదిలేస్తుంది. అంటే ఒక దెబ్బ పడుతుంది, ఒక దెబ్బ లేస్తుంది. ముప్పయ్‌రెండేళ్లుగా ఆయనకు అలవాటైన రెండు అంచులూ ఈలలో చెవికి దొరకలేదు, చర్మానికి దొరికాయి. ఇందులో వింత ఏమీ లేదు.

వింత లేదని నేను అన్నది పిచ్చయ్య గారితోనే. అదే నా రెండో తప్పు. మా చుట్టూ తండా జనంతో పాటు, పర్ణశాల నుంచి తిరిగివస్తూ నీళ్లకోసం జీపు ఆపిన యాత్రికులు పదిమంది చేరారని గమనించలేదు. వాళ్లకు కనిపించింది ఇది: నుదుట బొట్టు పెట్టుకున్న పెద్దాయన ఒకరు చెవుల్లో దూది పెట్టుకుని, కళ్లు మూసుకుని, అరచెయ్యి ఒక పళ్లెం లాంటిదాని మీద ఆనించి, ఆగకుండా అక్షరాలు రాస్తున్నారు. జీపులో ఒకాయన కాగితంలోకి తొంగి చూశాడు. మాటలు కాని అక్షరాలు, మధ్యమధ్య అంకెలు.

"బీజాక్షరాలు" అన్నాడు నెమ్మదిగా. జీపంతా చేతులు జోడించింది.

ఆదివారం మధ్యాహ్నానికి మేము రెండు వందల డెబ్భైమందిని పలకరించాం. సోమవారం పొద్దున పిచ్చయ్య గారి అరుగు మీద పదకొండుమంది ఉన్నారు.

నేను వెళ్లేసరికి దూలయ్య అనే రైతు తన బోరు మోటారును ఎడ్లబండి మీద వేసుకొచ్చాడు. ఒక తల్లి ఇంటర్ పరీక్షలు రాయబోయే కూతురి హాల్‌టికెట్టు తెచ్చింది.

"నేనేం చెయ్యనమ్మా? నాది రేడియో" అంటున్నారు పిచ్చయ్య గారు.

"ఒక్కపాలి చెయ్యి పెట్టయ్యా. మీ సొమ్మేం పోతది?"

మొదటి మూడు రోజులు ఆయన మొహమాటపడ్డారు. నాలుగోరోజు నేను వెళ్లినప్పుడు దూలయ్య మోటారు తిరుగుతోంది, పిచ్చయ్య గారి చెయ్యి దాని మీద ఉంది.

"బేరింగ్ పోయిందిరా" అన్నారు.

విప్పి చూస్తే నిజంగానే బేరింగ్ పోయింది. అదురు పట్టుకోవడం నేర్చిన చేతికి అది పెద్ద విషయం కాదు. కాని ఆ సాయంత్రానికి అరుగు మీద నలభైమంది చేరారు. సుశీలమ్మ గారు మంచినీళ్లు అందించలేక కుండ గేటు దగ్గర పెట్టేశారు.

నాకు రెండు బాధలు. నా లాబు సామానుతో తయారైన మహిమను నేను ఖండించలేదంటే ఇన్నేళ్ల ప్రచారం నవ్వులపాలు. అంతకంటె ముఖ్యం, పరీక్ష రెండు వారాల్లోకి వచ్చింది, పిచ్చయ్య గారు హాల్‌టికెట్ల మీద చెయ్యి పెడుతున్నారు తప్ప స్పీకరు మీద పెట్టడంలేదు.

"మీకు లైసెన్సు కావాలా, భక్తులు కావాలా?" అని అడిగేశాను.

ఆయనకు కోపం వచ్చింది. "నేను రమ్మన్ననా? ఆ పళ్లెం సంచి మీద పెట్టింది ఎవరు? బ్యాటరీ తిరగేసింది ఎవరు?"

పన్నెండో రోజు కాలేజీ మైదానంలో బల్ల వేసి, స్పీకరు పెట్టి, ఎవరైనా వచ్చి చెయ్యి పెట్టవచ్చని రెడ్యా చేత చాటింపు వేయించాను. నేనొక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అది అవసరం పడలేదు. అందరికంటె ముందు సక్రి వచ్చి, గాజులు పైకి జరుపుకుని, అరచెయ్యి ఆనించింది.

"ఏముందమ్మా?" అడిగాను.

"ఏముంటది? మ్యాకపిల్లను పట్టుకున్నట్టున్నది. గుండె కొట్టుకుంటున్నది." చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "గింతేనా? దీనికోసం బస్సెక్కి వచ్చిన."

వరసలో వంద మంది చెయ్యి పెట్టి చూశారు. ప్రతి ఒక్కరికీ అదే అదురు తగిలింది. అందరి చేతికీ అందేదాన్ని మహిమ అనడం కష్టం. మరునాడు అరుగు మీద ఎవరూ లేరు. పిచ్చయ్య గారు వీధిలోకి ఒకటి రెండుసార్లు తొంగి చూశారని సుశీలమ్మ గారు చెప్పారు. తరవాత స్పీకరు ముందు కూర్చున్నారు, పరీక్ష దాకా లేవలేదు.

మార్చిలో ఒక శనివారం ఆయనతో నేనూ హైదరాబాదు వెళ్లాను. గది కిటికీలోంచి అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. సంకేతాలు మొదలయ్యే ముందు పిచ్చయ్య గారు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేశారు. పరీక్షాధికారి వచ్చాడు. ఆయనకు నలభై ఏళ్లుంటాయి.

"అది చెవులకు పెట్టుకోవాలండీ."

"చెవితో నాకు రాదు సార్. చేత్తో వింట."

"మీకు వినపడదా? ఫారంలో రాయలేదే?"

"బాగ వినపడుతుంది. మూడిళ్ల అవతల మా ఆవిడ నన్ను తిట్టినా వినపడుతుంది."

అధికారి నిబంధనల పుస్తకం తెరిచాడు. మిగిలిన అభ్యర్థులు పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. చదివి, మూసి, "హెడ్‌ఫోన్ ధరించవలెను అని ఉంది" అన్నాడు.

పిచ్చయ్య గారు ఒక్క క్షణం ఆలోచించి హెడ్‌ఫోన్ తలకు పెట్టుకున్నారు. ఒక డిప్ప కుడి చెవి మీద ఉంచి, రెండోది చెంప మీదికి లాగి, దాని లోపలికి ఎడమ అరచెయ్యి దూర్చారు. పంటినొప్పి మనిషిలా ఉన్నారు. "ధరించిన సార్" అన్నారు.

అధికారి ఆయన వెనకే నిలబడ్డాడు. చెయ్యి విప్పించి రెండువైపులా చూశాడు. ఏమీ లేదు. ఐదు నిమిషాలు గడిచాయి. నూట పాతిక అక్షరాలూ కాగితం మీద ఉన్నాయి, తారాఫీసు దస్తూరీలో, టెలిగ్రాం ఫారం మీద రాసినట్టు పేరాలు కట్టి. తప్పు లేదు.

పంపే పరీక్షలో చిన్న గొడవ వచ్చింది. ఆయన చెయ్యి నిమిషానికి ఐదు మాటల వేగంలో నడవనని మొరాయించింది. "నిదానంగా, నిదానంగా" అని అధికారి మూడుసార్లు బతిమాలాడు. అధికారి రాసుకోవడం అయ్యాక పిచ్చయ్య గారు వంగి ఆ కాగితం చూసి, "మూడో మాటల మీకొక అక్షరం జారిపోయింది సార్" అన్నారు. అధికారి దిద్దుకుని, పాసయినట్టు సంతకం పెట్టాడు. అందరూ వెళ్లాక ఆయన తలుపు దగ్గరగా వేసుకుని, హెడ్‌ఫోన్ డిప్పలో తన అరచెయ్యి పెట్టి చూసుకోవడం కిటికీలోంచి నేను చూశాను. ఆయనకు ఏమీ అర్థమైనట్టు లేదు.

బయటికి రాగానే పిచ్చయ్య గారు నన్ను తారాఫీసుకు నడిపించారు. సుశీలమ్మ గారి పేర టెలిగ్రాం ఇచ్చారు. సాయంత్రమైంది, మరునాడు ఆదివారం కాబట్టి కల్లూరులో సోమవారం గాని అందదని కిటికీలో మనిషి చెప్పాడు.

"రేపు పొద్దుటికి మనమే ఇంట్లో ఉంటాం కదండీ" అన్నాను.

"ఉంటం. అయితే ఏంది? ఇట్లాంటి కబురు తార్‌లనే పోవాలె."

ఆదివారం సాయంత్రం అభినందనలు చెబుదామని వాళ్లింటికి వెళ్లాను. సుశీలమ్మ గారు గేటు దగ్గరే ఆపి గొంతు తగ్గించారు.

"ఏం అడగకు తమ్ముడూ. పొద్దున వచ్చినకాడ్నుంచి నోరు విప్పలే. మళ్ల పోయినట్టుంది. బొబ్బట్లు చేసి పెడితే ఆరు తిన్నడు గాని ఒక్క మాట లేదు."

నేను లోపలికి వెళ్లి పిచ్చయ్య గారిని చాటుగా పట్టుకున్నాను. "ఇంకా చెప్పలేదా?"

"ఎట్ల చెప్త?" అన్నారు ఆయన, నా అజ్ఞానానికి ఆశ్చర్యపోతూ. "తార్ దార్ల ఉన్నది. చేరి సంతకం అయ్యేదాకా అందులోని సంగతి బయట పెట్టొద్దు. ఉద్యోగంల చేరిన రోజు ప్రమాణం చేసిన. మీరూ చెప్పకండి."

"రాసింది మీరే. అందుకునేది మీ భార్య. పైగా మీరు రిటైరయ్యారు!"

"ప్రమాణం రిటైరవుతదా మాస్టారూ?"

దేవుడి మీద చేసిన ప్రమాణాలను చాలావాటిని నేను తర్కంతో ఎదుర్కొన్నాను. పోస్టుమాస్టరు జనరల్ మీద చేసిన ప్రమాణం ముందు నా తర్కం పనిచేయలేదు. సోమవారం పొద్దున కాలేజీకి సెలవు పెట్టి వాళ్ల అరుగు మీద కూర్చున్నాను.

పది దాటాక మెసెంజరు సీతయ్య సైకిలు దిగాడు. "సుశీలమ్మ గారూ, తార్!"

సుశీలమ్మ గారు వంటింట్లోంచి వచ్చి, ఆ కాగితం చూసి, గుమ్మంలోనే కూలబడ్డారు. తార్ అంటే ఆవిడకు తెలిసిన అర్థం ఒకటే. "అయ్యో, మా అన్నయ్యేనా? మొన్ననే గదా దగ్గుతున్నడని ఉత్తరం రాసిండు!" అని శోకం అందుకున్నారు. పక్కింటివాళ్లు గోడ మీంచి తలలు పెట్టారు. సీతయ్య టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"ముందు సంతకం పెట్టు" అన్నారు పిచ్చయ్య గారు.

"మా అన్నయ్య పోతే సంతకం అంటవేందయ్యా!"

"సంతకం పెడితే గాని నేను చెప్పొద్దు. పెట్టవే!"

ఏడుస్తూనే పెట్టారు. ఇంగ్లీషు రాదు కాబట్టి కాగితం ఆయన చేతికే ఇచ్చారు. పిచ్చయ్య గారు కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఎవరో పరాయివాళ్ల కబురులా చదివారు.

"'పాసయ్యాను. తప్పులు లేవు. పిచ్చయ్య.'"

శోకం ఆగింది. సుశీలమ్మ గారు కళ్లు తుడుచుకుని భర్తను పైనుంచి కిందిదాకా చూశారు.

"ఎప్పుడు పాసైనవ్?"

"శనివారం."

"నిన్న పొద్దున ఈ గుమ్మంలనే గదా చెప్పులు విడిచినవ్?"

"అవ్."

"బొబ్బట్లు పెట్టినప్పుడూ తెలుసు."

పిచ్చయ్య గారు టెలిగ్రాం వెనక వేసిన ముద్రలోని సమయం చూస్తున్నారు. "తొమ్మిదీ నలభైకి అందింది, సీతయ్యా. పదీ పదికి తెచ్చినవ్. అరగంట ఏం చేసినవ్?"

సీతయ్య సైకిలెక్కాడు. సుశీలమ్మ గారు లోపలికి వెళ్లి, మిగిలిన బొబ్బట్ల గిన్నె తెచ్చి, మొత్తం నా ముందు పెట్టారు.

"నువ్వు తిను తమ్ముడూ. ఇవి ఫెయిలైనోళ్లకని చేసిన. పాసైనోళ్లకు ఇయ్యాల మజ్జిగన్నమే."